టోపీలు మార్చిన చదువు

లీమా,
19 ఏప్రిల్ 2020

అక్కా,

ఈ ఉత్తరంతో పాటు గుడ్డలో చుట్టిన చిన్న మూట ఒకటి నీకు చేరాలి. లారీ ఎలాగూ దుంపలు దింపి ఖాళీగా ఊరికి వస్తుంది కదా, అందుకని ఎలియాస్ అన్న చేతికిచ్చాను. "దీన్ని బస్తాల్లో పడేయకు అన్నా, చొక్కా లోపల పెట్టుకో" అని మరీ మరీ చెప్పాను. అందులో ఉన్నది నా ఫోను. నీకు కాదు, నిల్దాకి. నువ్వు దానితో కాయలు పగలగొట్టకు.

బళ్ళు మూసేశారు, ఇక పాఠాలన్నీ ఫోనులోనే అంటున్నారు. ఈ ఇంటి అబ్బాయి తియాగోకి అప్పుడే మొదలయ్యాయి. వాడిదీ నిల్దాదీ ఒకటే తరగతి. వాడి ముందు ఇంత పెద్ద తెర ఉంటే, నా కూతురి చేతిలో ఏముంది? అది తలుచుకుంటే నాకు నిద్ర పట్టలేదు. నాకు ఫోను లేకపోతే ఏమవుతుంది? అమ్మగారు గుమ్మం దాటనివ్వడం లేదు. "బయటికి వెళ్ళావంటే మళ్ళీ లోపలికి రాకు ఎదెల్మీరా" అని చెప్పేశారు. గుమ్మం దాటని దానికి ఫోనెందుకు?

ఇక మనకి ఉత్తరాలే గతి. అమ్మగారి ఫోనుకి మీరు చేస్తే ఆవిడ ఊరుకోరు. బతిమాలి దాని నుంచి నేను చేద్దామన్నా, మన ఊళ్ళో సిగ్నల్ స్మశానం పైన ఉన్న రాయి దగ్గర తప్ప అందదు. ఆ రాయి మీద మీరెప్పుడుంటారో ఎవరికి తెలుసు?

అక్కా, ఒక్కటే మాట. నిల్దా వాళ్ళ నాన్న గనిలోకి వెళ్ళి తిరిగి రాని రోజున నేను ఒట్టు పెట్టుకున్నాను, ఇది చదువు పూర్తి చేస్తుందని. నేను పరాయి ఇంట్లో నేల తుడిచేది అందుకే. దాని చదువు ఆగిందా, నేనిక్కడ గడిపిన ఆరేళ్ళూ బూడిదలో పోసిన పన్నీరే. దాన్ని కనిపెట్టుకుని ఉండు.

నీ చెల్లెలు, చేతులకి ఎప్పుడూ క్లోరిన్ వాసన కొట్టే
ఎదెల్మీరా


పుక్యోపాతా,
10 మే 2020

ఒసే ఎదెల్మీరా,

ఫోను భద్రంగా చేరింది. ఎలియాస్ చొక్కాలోంచి తీస్తుంటే నిల్దా ఎగిరి గంతేసింది. గంతేసి, వెంటనే మొహం ముడుచుకుంది. "మరి అమ్మ నాతో ఎలా మాట్లాడుతుంది పెద్దమ్మా?" అంది. ఉత్తరాలున్నాయిగా అన్నాను. "ఉత్తరానికి గొంతు ఉంటుందా?" అంది. నీ కూతురికి నోరు నీకన్నా ఎక్కువే.

నా అక్షరాలు గొర్రె పెంటికల్లా ఉంటాయి, నవ్వకు. మూడో తరగతితో సరిపెట్టిన దాన్ని, ఈ వయసులో నాతో ఉత్తరాలు రాయిస్తున్నావు.

నిల్దా రోజూ రాయి దగ్గరికి ఎక్కుతోంది. విల్బెర్ మాస్టారు ఉన్నది పట్నంలో. అక్కడి నుంచే వాట్సాప్‌లో ఏవో పంపిస్తారు. పిల్లలు చేసి, ఫోటో తీసి తిరిగి పంపాలి. దాన్ని ఆయన 'సాక్ష్యం' అంటారు. మొన్నొక పాఠం అర్థం కాక నిల్దా ఆయన్ని అడిగింది. "ముందు సాక్ష్యం పంపమ్మా, పైవాళ్ళకి నేను లెక్క చూపించాలి" అన్నారట. అది ఇంటికొచ్చి, "పెద్దమ్మా, ఈయనకి కావాల్సింది చదువు కాదు, ఫోటో" అంది. అట్లా అనకూడదని తిట్టాను.

దుంపలు తవ్వడం మొదలైంది. నా మోకాలి సంగతి అడక్కు. నీ కూతురు బాగుంది, నీకు ముద్దులు పంపింది. చివరి రెండు ముక్కలూ వెలుతురు పోయాక పొయ్యి దగ్గర కూర్చుని రాస్తున్నాను.

నీ మీద కోపం లేని రోజున రాసిన
అక్క ఫొర్తునాత


లీమా,
7 జూన్ 2020

అక్కా,

దుంపల బస్తా అందింది. కింద కాపలా ఉండేవాడు, పేరు ఆగాపీతో, దాని మీద మందు కొట్టాడు. అమ్మగారు మూడు రోజులు దాన్ని మేడ మీదే ఉంచారు. తర్వాత ఉడకబెట్టుకుని తింటే మన పొలం నా నోట్లోకి వచ్చినట్టు అనిపించి ఏడుపొచ్చింది.

ఇక్కడ నా ఉద్యోగం మారింది తెలుసా? పొద్దున్నే తియాగో తెర ముందు కూర్చుంటాడు. వాడి పక్కన నేల మీద, తెరకి కనబడకుండా, నేను కూర్చుంటాను. "నువ్వు దగ్గరుంటే వాడు కుదురుగా ఉంటాడు" అన్నారు అమ్మగారు. కుదురా? వాడు తన బొమ్మ కనబడకుండా చేసి, ఇంకో తెరలో ఆట ఆడుకుంటాడు. టీచరమ్మ ఏదైనా అడిగితే, "ఎదెల్మీరా, ఏమంది?" అని నన్ను గిల్లుతాడు. నేను విన్నది చెబుతాను. ఇప్పుడు రాతపని కూడా నాదే. బడి మానేసిన ఇరవై ఏళ్ళకి నాకు మళ్ళీ బడి వచ్చింది, అదీ బల్ల కింద!

విన్నవన్నీ కాగితాల మీద రాసి నిల్దాకి పంపుతున్నాను. అక్కడ మాస్టారు చెప్పలేనిది ఇక్కడి టీచరమ్మ చెబుతోంది, పోనిద్దామా మరి? ఈసారి భిన్నాలు. దానికి సులువుగా ఉండాలని మన దుంపలతోనే ఒక లెక్క కట్టాను. చదివి వినిపించు:

"ఒక బస్తా దుంపల్లో సగం విత్తనానికి తీశాం. మిగిలినదానిలో మూడో వంతు మంచులో పరిచి, తొక్కి, ఎండబెట్టి చూన్యో చేశాం. తినడానికి బస్తాలో ఎన్నో వంతు మిగిలింది? జవాబు: ఆరో వంతు."

ఇదే లెక్కని తియాగో పేరుతో కూడా పంపాం. టీచరమ్మ దానికి బంగారు నక్షత్రం పెట్టింది. అమ్మగారు వాడిని ముద్దు పెట్టుకున్నారు. అక్కా, ఆ నక్షత్రం నాదే కదా? ఎవరికీ చెప్పుకోలేక నీకు చెబుతున్నాను.

నిల్దాని తన చేత్తో నాకు రెండు వరుసలు రాయమను. ఎక్కువేం వద్దు, రెండంటే రెండు.

నక్షత్రాల
ఎదెల్మీరా


పుక్యోపాతా,
28 జూన్ 2020

ఎదెల్మీరా,

మంచు బాగా పడుతోంది. చూన్యోకి ఇంతకన్నా మంచి ఏడు రాదు. రాత్రంతా దుంపలు గడ్డకట్టి, పొద్దున్నే తొక్కుతుంటే కాళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఈసారి తొక్కేదాన్ని నేనొక్కదాన్నే.

నిల్దా రాయలేదు. కుండ దించుతూ కుడిచెయ్యి కాల్చుకుంది. పెద్దదేం కాదులే, తగ్గుతుంది. నీ కాగితాలన్నీ చదివింది, చాలా బాగున్నాయంది. మాస్టారు కూడా మెచ్చుకుంటున్నారు. ప్రతి సోమవారం సాక్ష్యం వెళుతోంది, ప్రతి సోమవారం "అభినందనలు" వస్తోంది. ఇంకేం కావాలి నీకు?

ఆ పట్నం పిల్లాడి సంగతులు మాకెందుకే? నాలుగు పేజీల ఉత్తరంలో మూడు పేజీలు వాడే. వాడి నక్షత్రాలు నువ్వే లెక్కపెట్టుకో. ఇక్కడ నీ పిల్ల కూడా పాసవుతుంది.

అక్క


లీమా,
12 జూలై 2020

అక్కా,

నీ ఉత్తరం పది సార్లు చదివాను. ఎంత చదివినా అందులో నా కూతురు కనబడలేదు.

ఒక్కదాన్నే చూన్యో తొక్కానని రాశావు. ప్రతి ఏడూ అది ఎగురుతూ తొక్కేది కదా, పాటలు పాడుకుంటూ? చెయ్యి కాలితే కాళ్ళకేమైంది? లేకపోతే నువ్వు దాన్ని గొర్రెల వెంట కొండ మీదికి తోలేశావా? "మీ అమ్మ లీమాలో దొరసాని అయింది, నువ్వు ఇక్కడ నా పని చెయ్యి" అన్నావా? నీ మోకాలి నొప్పి నాకు తెలుసు. కాదనను. కానీ నేను ఫోను పంపింది నీ గొర్రెలకి కాదు.

ఇలా రాయడం నాకు బాధగానే ఉంది. కానీ ఈమధ్య నా మనసు మనసులో లేదు. కింద కాపలావాడు, ఆ ఆగాపీతో, ఉన్నాడు కదా, వాళ్ళమ్మ ఊళ్ళో ఈ రోగంతోనే పోయింది. "వాడు అంత దూరంలో ఉన్నాడు, రాలేడు, చెప్పి ఏం లాభం" అని వాళ్ళ వాళ్ళు దాచేశారు. అమ్మ బాగుంది, అమ్మ నిద్రపోతోంది, అమ్మ చెయ్యి నొప్పిగా ఉంది అని చెబుతూ వచ్చారట. పోయిన వారమే తెలిసింది వాడికి. గేటు దగ్గర కూర్చుని, "చెయ్యి నొప్పి అన్నారు ఎదెల్మీరమ్మా, చెయ్యి నొప్పి అన్నారు" అని అదే మాట.

నిల్దా చెయ్యి తగ్గిందా?

చెయ్యి తగ్గకపోతే ఎడమచేత్తో ఒక గీత గీసి పంపమను. అదీ కుదరకపోతే దాని ఫోటో పంపు. కింద ఊళ్ళో జిరాక్సు కొట్టు తెరిచారని ఎలియాస్ అన్న చెప్పాడు.

ఎదెల్మీరా


పుక్యోపాతా,
26 జూలై 2020

ఎదెల్మీరా,

ఇదిగో ఫోటో. మొన్న సోమవారం తీసింది. జిరాక్సు కొట్టువాడి యంత్రంలో రంగు లేదట, నలుపులోనే వచ్చింది. మొహం మాత్రం బాగానే కనబడుతోంది కదా, పుస్తకం కూడా కనబడుతోంది.

గొర్రెల మాట అన్నావు. ఈ జన్మకి మరిచిపోను. ఎనిమిదో ఏట నుంచీ దాన్ని పెంచింది నేను.

ఫొర్తునాత


లీమా,
2 ఆగస్టు 2020

అక్కా,

నన్ను వెర్రిదాన్ని అనుకున్నావా? నేను లీమాకి వచ్చి ఆరేళ్ళే అయింది, మన పొలాన్ని మరిచిపోయేంత కాలం కాలేదు.

మొన్న సోమవారం తీసిన ఫోటో అన్నావు. మొన్న సోమవారమంటే జూలై. దాని వెనక పెద్ద చిక్కుడు చేను నడుమెత్తున నిలబడి ఉంది. కాయలు కూడా వేలాడుతున్నాయి. జూలైలో మన పెరట్లో చిక్కుడు ఎక్కడుందే? మేలోనే కోసేస్తాం. మోళ్ళు కూడా మిగలవు, గొర్రెలు మేసేస్తాయి. మంచు పట్టి నేలంతా తెల్లగా ఉండాల్సిన రోజుల్లో చిక్కుడు చేను ముందు కూర్చుని పుస్తకం పట్టుకుంది నా కూతురు!

ఇది పాత ఫోటో. మే నాటిది. మే తర్వాతది నీ దగ్గర ఒక్కటి కూడా లేదు, అవునా?

అమ్మగారి కాళ్ళ మీద పడి ఫోను తీసుకుని మూడు సార్లు చేశాను. రాయి మీద ఎవరూ లేరు.

నిజం చెప్పు. నా బిడ్డ చచ్చిపోయిందా? ఎక్కడ పెట్టారు? ఆ రాయి కిందే పెట్టారా? నాకు చెబితే నేనూ పోతానని దాచావా? ఎలియాస్ అన్నని అడిగితే మొహం తిప్పుకుని బస్తాలు లెక్కపెడుతున్నాడు.

నీకు దణ్ణం పెడతాను. ఏదైనా సరే, చెప్పు.


పుక్యోపాతా,
9 ఆగస్టు 2020

చెల్లీ,

బతికే ఉంది. ముందు ఆ మాట చదువుకో. మళ్ళీ చదువుకో. బతికే ఉంది.

కానీ ఇక్కడ లేదు.

చెబుతాను. నేను చెప్పాక నువ్వు నన్ను తిట్టు, కొట్టు, నీ ఇష్టం. మే నెలలో ఒకరోజు నిల్దా రాయి దగ్గరి నుంచి వచ్చింది. "పెద్దమ్మా, నీ టోపీలన్నీ బయటికి తీయ్" అంది. నాది, పోయిన మీ బావది, పండగకి పెట్టుకునేది, అన్నీ తీయించింది. నా శాలువాలు కూడా. ఒక టోపీ పెట్టుకుని పుస్తకం పట్టుకుంది, ఫోటో తీయమంది. టోపీ మార్చింది, మళ్ళీ తీయమంది. ఒక్క పూటలో మొత్తం ఏడాది చదువు తీసేశాం! నేనూ నవ్వాను, ఎదెల్మీరా. సరదా అనుకున్నాను.

చివరి టోపీ తీసి, "ఇక ప్రతి సోమవారం ఒక్కోటి పంపు పెద్దమ్మా. నేను తెయోఫిలా వాళ్ళతో కాఫీ కోతకి వెళుతున్నాను. జూన్‌లో సాన్ హువాన్ పండగకి వచ్చేస్తాను" అంది. పక్కింటి తెయోఫిలా ఏటా పిల్లలతో సహా క్విల్యబాంబా లోయకి కోతకి పోతుంది, నీకు తెలుసు కదా. ససేమిరా వద్దన్నాను. అది ఏమందో తెలుసా? "అమ్మ తన ఫోను నాకిచ్చేసింది. నేను అమ్మకి ఇంకో ఫోను కొంటాను. నాకు అమ్మ గొంతు కావాలి" అంది. కొద్ది రోజులే కదా, నీకు తెలిసేలోపు వచ్చేస్తుంది కదా అనుకున్నాను. చెయ్యీ కాలలేదు, కుండా దించలేదు. అంతా నేను కట్టిన కథే.

ప్రతి సోమవారం ఈ మోకాలితో రాయి ఎక్కాను. ఆ ఫోను నాకు చేతకాదు. ఒకసారి పొరపాటున మన ముసలి గొర్రె ఫోటో వెళ్ళిపోయింది. భయంతో చచ్చాను. మాస్టారు దగ్గర్నుంచి ఏమొచ్చిందనుకున్నావు? "చాలా బాగుంది నిల్దా, ఇలాగే కృషి చెయ్యి." ఆ రోజు రాయి మీద కూర్చుని నవ్వాను. తర్వాత ఏడ్చాను.

సాన్ హువాన్ పండగ దాటిపోయింది. వాళ్ళు రాలేదు. దారులు మూసేశారంటున్నారు, వంతెనల దగ్గర బయటివాళ్ళని ఆపేస్తున్నారంటున్నారు. ఆ లోయలో రోగం ఎక్కువగా ఉందంటున్నారు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఎవరికీ చెప్పుకోలేదు. ఎలియాస్‌ని నోరు మూసుకోమన్నది నేనే. బతికే ఉందని పైన రాశాను. జూన్‌లో వచ్చిన కబురు నమ్మి రాశాను. ఆ తర్వాత కబురు లేదు.

నన్ను క్షమించమని అడగను.

ఫొర్తునాత


లీమా,
23 ఆగస్టు 2020

ఫొర్తునాత,

అక్కా అని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు.

బతికే ఉందని చదివి నేల మీద కూలబడ్డాను. కింది వరుస చదివి లేచాను. ఆ రెండింటి మధ్య ఎంతసేపున్నానో తెలియదు, తియాగో వచ్చి "ఎదెల్మీరా, ఇంగ్లీషు మొదలైంది" అన్నాడు. వెళ్ళి వాడి పక్కన కూర్చుని వాడి ఇంగ్లీషు రాశాను.

పద్నాలుగేళ్ళ పిల్ల. లోయలో, ఎవరి కొట్టంలో పడుకుంటోందో, ఎవరు చూస్తున్నారో! అది టోపీ మారిస్తే నువ్వు నవ్వుతావా? నేను నీ దగ్గర వదిలింది గొర్రెపిల్లని కాదు. వెళ్ళిపోదామని మూట కట్టుకున్నాను. "వెళితే వెళ్ళు, దారిలో నిన్ను ఎవరూ ఊళ్ళోకి రానివ్వరు" అన్నారు అమ్మగారు. ఆవిడ అన్నది నిజమే, అదే నాకు మంట. మన ఊరివాళ్ళే వంతెన దగ్గర కర్రలు పట్టుకుని నిలబడ్డారటగా.

ఎలియాస్ అన్న అటువైపు వెళ్ళే లారీలవాళ్ళందరికీ చెబుతానన్నాడు. నువ్వు రోజూ రాయి ఎక్కు. సోమవారమే కాదు, రోజూ. ఎవరైనా ఫోను చేస్తారేమో.

పాఠాలు మాత్రం పంపుతూనే ఉంటాను. ఎందుకని అడక్కు. పంపడం మానేస్తే అది రాదని నాకు భయం.

ఎదెల్మీరా


పుక్యోపాతా,
18 అక్టోబరు 2020

చెల్లీ,

వచ్చింది! నీ కూతురు వచ్చింది. వచ్చి రెండు వారాలు దాటింది, కబురు పంపడానికి లారీ ఇవాళే దొరికింది. నల్లబడింది, చిక్కిపోయింది, వేళ్ళ నిండా గీతలు. లోయలో జ్వరం వచ్చి తగ్గిందట. తెయోఫిలా తన పిల్లలతో సమానంగానే చూసుకుంది, ఆ విషయంలో నీ గుండె మీద చెయ్యి వేసుకుని పడుకో. లారీలు ఆగిపోయి ఇన్నాళ్ళూ అక్కడే చిక్కుకుపోయారు.

ఊరి కాపలావాళ్ళు వంతెన దగ్గరే ఆపారు. బయటి నుంచి వచ్చినవాళ్ళు రెండు వారాలు విడిగా ఉండాలి కదా, ఎక్కడ పెట్టారో తెలుసా? బళ్ళో! దాని తరగతి గదిలోనే, బల్లలన్నీ గోడకి నెట్టి, ఒక చాప వేసి. ఈ ఏడాదిలో నీ కూతురు బడికి వెళ్ళింది ఆ రెండు వారాలే. తలుపుకి బయట తాళం వేసి!

రోజూ కిటికీలోంచి గిన్నె అందించాను. గిన్నెతో పాటు నీ కాగితాలు కూడా, జూన్ నుంచి వచ్చినవన్నీ. నువ్వు అంత కష్టపడి రాశావు కదా. ఒక్కసారైనా తీసి చూస్తుంటే నేను చూడలేదు. గోడవైపు తిరిగి పడుకునేది.

ఇప్పుడు ఇంట్లోనే ఉంది. ఇక చదవనంటోంది. గొడవ పడ్డాను. "నేను కొండల అవతల కాఫీ కోస్తుంటే నాకు అభినందనలు వచ్చాయి. గొర్రెకి కూడా వచ్చాయి. ఆ చదువు నాకెందుకు పెద్దమ్మా? గొర్రెనే పంపు" అంది. జవాబు నువ్వు చెప్పగలిగితే చెప్పు. వచ్చే ఏప్రిల్‌కి మళ్ళీ లోయకి పోతానంటోంది, ఈసారి అక్కడే ఉండిపోతుందట.

ఫోనుకి తన సంపాదన చాలలేదని సిగ్గుపడుతోంది. యజమాని ఇచ్చిన కాఫీ గింజలు కాస్త ఉన్నాయి, నీకు పంపమంది. బస్తాలో దుంపల మధ్య చూడు.

నువ్వు మళ్ళీ అక్కా అనేదాకా సంతకం పెట్టను.


పుక్యోపాతా,
13 డిసెంబరు 2020

చెల్లీ,

నువ్వు జవాబు రాయకపోయినా రాస్తున్నాను. ఎలియాస్ కాఫీ అందించానన్నాడు, నువ్వు ఏడ్చావన్నాడు. అంతకుమించి కబురు లేదు.

విల్బెర్ మాస్టారి దగ్గర్నుంచి వచ్చింది. ఈ ఏడు ఎవరినీ తప్పించకూడదని పైనుంచి ఆజ్ఞట, అందరూ పైతరగతికే. నిల్దాకైతే ప్రత్యేకంగా "క్రమం తప్పకుండా సాక్ష్యాలు పంపిన విద్యార్థిని" అని రాశారు. చదివి వినిపించాను. అది నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు, ఎదెల్మీరా. పిల్లలు నవ్వే నవ్వు కాదది.

నువ్వొచ్చి చెబితే వింటుందేమో. నా మాట చెల్లే కాలం దాటిపోయింది.


లీమా,
20 డిసెంబరు 2020

అక్కా,

రాశాను చూడు, అక్కా అని. కోపం పోయి కాదు. ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కారణం నీ మీద కోపం కాదు, నిల్దా అడిగినదానికి నా దగ్గర జవాబు లేకపోవడమే. ఇప్పుడుంది.

మొన్న తియాగో వాళ్ళ బళ్ళో తెర మీదే వేడుక జరిగింది. వాడికి ప్రథమ శ్రేణి ప్రశంసాపత్రం. అమ్మగారు నన్ను వాటేసుకుని, "మనం సాధించాం ఎదెల్మీరా!" అన్నారు. ఆ ఆనందంలో నిల్దా పంపిన కాఫీ కాచి ఇచ్చాను. "ఎక్కడిదిది, ఎంత బాగుందో!" అన్నారు. నా కూతురు కోసిందన్నాను. "అయ్యో, మరి బడి లేదా దానికి?" అన్నారు. "ఉందమ్మా. పాసయింది" అన్నాను.

ఆ మాట నా నోటి నుంచి వచ్చాక నాకు కళ్ళు తెరుచుకున్నాయి. ఏడాదంతా నీ టోపీలని తిట్టాను. మరి నేను చేసిందేమిటి? తియాగోకి నేనే టోపీని. నువ్వు ఒక పిల్లకి చేసింది నేను ఇంకో పిల్లాడికి చేశాను, అదీ రోజూ, పక్కన కూర్చుని. వాడు చదవకుండా పాసయ్యాడు. నిల్దా చదవకుండా పాసయింది. ఇద్దరి మధ్యా ఈ ఏడు నిజంగా చదివింది నేనొక్కదాన్నే అక్కా! నాకెవరూ పత్రం ఇవ్వరు. వద్దు కూడా. కానీ ఆ చదువు నా తలలో ఉంది. దాన్ని ఇక్కడ వదిలి ఏం చేసుకోను?

అమ్మగారికి చెప్పేశాను, వచ్చే ఏడు తియాగో పాఠాలు తియాగోయే రాసుకోవాలని. ఆవిడ మొహం మాడ్చుకున్నారు. "అయితే నువ్వెందుకు మరి?" అన్నారు. అదే నేనూ అనుకున్నానమ్మా అన్నాను. మూట కట్టుకున్నాను. ఇప్పుడు దారులు తెరిచారు. జనవరి మొదటివారంలో ఎలియాస్ అన్న లారీలో ముందు సీటులో వస్తున్నాను. రెండు వారాలు ఆ బళ్ళో పెడతారా, పెట్టనీ. కిటికీ అవతల కూర్చోమను దాన్ని.

అక్కడ పని దొరుకుతుందా, ఏం తింటాం అని అడగబోతున్నావు. తెలియదు. కానీ ఒట్టు పెట్టుకున్నది అది చదవాలని, పాసవాలని కాదు. ఇన్నాళ్ళూ ఆ రెండూ ఒకటే అనుకున్నాను.

నిల్దాతో చెప్పు. "నువ్వు అన్నది నిజమే, అది చదువు కాదు. పోయిన తరగతి మనిద్దరం మళ్ళీ మొదటి నుంచి చదువుదాం. అమ్మ సాక్ష్యాలు అడగదు, పక్కన కూర్చుంటుంది." ఇష్టమైతే సరే. కాదంటే, ఏప్రిల్‌లో ఆ లోయకి నేనూ దానితో వెళతాను, ఒంటరిగా మాత్రం పంపను.

వస్తున్న
ఎదెల్మీరా


పుక్యోపాతా,
27 డిసెంబరు 2020

చెల్లీ,

ఎలియాస్ నిన్ను ఎక్కించుకోవడానికే వస్తున్నాడు, కాబట్టి ఇది నీకు గేటు దగ్గరే అందుతుంది. లారీలో కూర్చుని చదువుకో.

నీ ఉత్తరం మొత్తం చదివి వినిపించాను. నిల్దా మొక్కజొన్న ఒలుస్తోంది. తల ఎత్తకుండా ఒలుస్తూనే ఉంది. అయిపోయిందిరా భగవంతుడా అనుకున్నాను. ఒలిచిన గింజలు గిన్నెలో పోసి, లేచి లోపలికి వెళ్ళింది. చాప కింద నుంచి ఒక కట్ట తీసింది. నీ కాగితాలు! బళ్ళో గోడవైపు తిరిగి పడుకుని, గోడకి ఆనించుకుని చదివిందట దొంగపిల్ల, నాకు కనబడకుండా. ప్రతి కాగితం అంచునా పెన్సిలు రాతలే.

వాటిలో ఒకటి తీసి ఏదో రాసింది. "ఇది పంపు పెద్దమ్మా. అమ్మ జూన్ నుంచి రెండు వరుసలు అడుగుతోందిగా" అంది. నాకు లెక్కలు రావు, తప్పో ఒప్పో నువ్వే చూసుకో. చిక్కుళ్ళు పచ్చగా ఎదిగాయి. ఈసారి ఫోటో తీసి పంపను, వచ్చి చూడు.

నీ అక్క
ఫొర్తునాత

*

అమ్మా, నువ్వు పంపిన దుంపల లెక్క తప్పు. మూడో వంతు తీయమన్నది మిగిలిన సగంలో, బస్తా మొత్తంలో కాదు. తినడానికి మిగిలేది ఆరో వంతు కాదు, మూడో వంతు. ఆ టీచరమ్మ చూడకుండానే నీకు నక్షత్రం పెట్టింది. మనకి తిండి ఇంకా ఉంది. త్వరగా రా, మిగతా తప్పులు కూడా చూపిస్తాను.

నిల్దా